కోటమ్మ పేరు మీద అద్దె సైకిలు: గుంటూరులో ఒక రోజు

గుంటూరులో సైకిలు మీద తిరగడం సులువేనా అని ఈ మధ్య ఒకరిద్దరు అడిగారు. ఉద్యోగం మీదో చదువు మీదో ఆ ఊరు వెళ్తున్నవాళ్ళు. సులువేనండీ. ఊరంతా బల్లపరుపుగా ఉంటుంది. ఎత్తు ఎక్కాలంటే రైలు పట్టాల మీద కట్టిన ఓవర్ బ్రిడ్జి ఒక్కటే, అదీ దిగి నడిపించుకుంటే ఐదు నిమిషాలు. ఏ మూల నుంచి ఏ మూలకైనా ముప్పావుగంట చాలు. కాకపోతే సైకిలు తొక్కడం సులువైనంతగా ఆ సైకిలు సంపాదించడం నాకు సులువు కాలేదు. ఆ సంగతీ చెప్పాలి కాబట్టి ఇది కాస్త పొడుగవుతుంది. ఓపిక లేనివాళ్ళు చివరి పేరా చదువుకుని వెళ్ళిపోవచ్చు, నేనేమీ అనుకోను.

ఇది ఐదారేళ్ళ కిందటి మాట. అప్పుడు నాకు నలభై ఒకటి. కనిగిరిలో ఒక ప్రభుత్వ ఆఫీసులో పద్దెనిమిదేళ్ళు ఒకే కుర్చీలో కూర్చున్నాక ప్రమోషన్ ఇచ్చి గుంటూరు వేశారు. నాకు పెళ్ళి కాలేదు. దాని వెనక పెద్ద కథేమీ లేదు. సంబంధాలు వచ్చాయి, కుదరలేదు, కొన్నాళ్ళకు అందరూ ఆ ఊసెత్తడం మానేశారు. అమ్మ పోయినప్పటి నుంచి అన్నయ్య ఇంట్లోనే ఉంటున్నాను. అన్నయ్య మంచివాడు. వదిన అంతకంటే మంచిది. పిల్లలు చిన్నగా ఉన్నన్నాళ్ళూ నాకు చేతినిండా పని ఉండేది. వాళ్ళు పెద్దవాళ్ళయ్యాక ముందుగదిలో మంచం మీద కూర్చుని, ఈ ఇంట్లో నేను దేనికున్నానా అని ఆలోచించడమే పనైంది. ప్రమోషన్ వద్దనుకుంటే వద్దని రాసిచ్చేసి కనిగిరిలోనే ఉండిపోవచ్చు. చేరడానికి సోమవారం దాకా గడువుంది. ఊరు ఎలా ఉందో చూసుకుని తేల్చుకుందామని వారం ముందే వచ్చి, కొరిటెపాడులో ఒక మేడ మీద గది నెలకి మాట్లాడుకున్నాను.

ఆదివారం వచ్చాను. బుధవారం రాత్రికి లెక్కేసుకుంటే ఆ ఊళ్ళో నాతో మాట్లాడినవాళ్ళు ముగ్గురు తేలారు. "నీళ్ళు ఆరింటికే వస్తాయి, మళ్ళీ రావు" అన్న ఇంటి ఓనరు గారి భార్య. "అయిపోయిందాండీ?" అన్న ఎస్టీడీ బూత్ అతను. వీధి చివర ఇడ్లీ బండి దగ్గర "ఎన్ని?" అని అడిగే పెద్దావిడ. ఆమెకి నేను చెప్పే జవాబు కూడా ఒక్క ముక్కే, "రెండు." గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఒకసారి ఊరికే పైకి "అబ్బా, ఏం ఎండ" అన్నాను, నా గొంతు నాకే బొంగురుగా వినపడింది. వదినకి ఫోను చేస్తే, "ఒక్కదానివే అక్కడేం ఉంటావు, వచ్చెయ్యకూడదూ" అంది. ప్రేమగానే అంది. ఆ ప్రేమకి నాకు ఒళ్ళు మండింది, ఎందుకో తెలీదు. ఫోను పెట్టేశాక దిగులేసింది.

ఆ రాత్రే చిన్నపిల్లలా ఒక పందెం వేసుకున్నాను. అప్పటిదాకా ఎక్కడికెళ్ళాలన్నా ఆటోవాణ్ణి బతిమాలడం, సిటీ బస్సు ఎటు పోతుందో పక్కవాళ్ళని అడగడం. రేపు ఒక్కరోజు సైకిలు మీద ఆఫీసు, బజారు, స్టేషను, పాత ఊరు అన్నీ నా అంతట నేను చూసి వస్తాను. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తిరిగి రాగలిగితే సోమవారం చేరతాను. లేకపోతే కాగితం రాసిచ్చి కనిగిరి బస్సెక్కుతాను. సైకిలు నాకు కొత్తేం కాదు. చిన్నప్పుడు అన్నయ్య సైకిలు బారు కిందనుంచి కాలు దూర్చి తొక్కి నేర్చుకున్నదాన్ని. పదో తరగతి దాకా బడికి దాని మీదే వెళ్ళాను.

గురువారం పొద్దున ఏడింటికి, మేనకోడలు బిగుతైందని ఇచ్చేసిన పంజాబీ డ్రెస్సు వేసుకుని ఇడ్లీ బండికి ఎదురుగా ఉన్న అద్దె సైకిళ్ళ షాపుకి వెళ్ళాను. రేకుల పంచ, కింద నూనె మరకలు, గోడ బారునా ఇరవై ముప్ఫై నల్ల సైకిళ్ళు. ఓనరు మస్తాన్ గారికి అరవై ఉంటాయి. తెల్లగడ్డం, చెవిలో పెన్సిలు. గంటకి మూడు రూపాయలు, రోజంతా అయితే ఇరవై అని గోడ మీదే రాసుంది.

"సైకిలు కావాలండీ, సాయంత్రం దాకా."

"ఎవరి తాలూకమ్మా మీరు?"

"ఎవరి తాలూకా కాదండీ. నాకే కావాలి."

"తొక్కేది మీరేనని తెలుస్తానే ఉంది. ఇక్కడ మీరు ఎవరికి తెలుసు అంటన్నా."

ఎవరికీ తెలియదన్నాను. కావాలంటే ముందే డబ్బు కడతానన్నాను. ఆయన నవ్వలేదు, విసుక్కోనూ లేదు.

"సైకిలు ఖరీదు మొత్తం కట్టినా ఇయ్యనమ్మా. నాక్కావల్సింది డబ్బు కాదు, మనిషి. తెలిసినోళ్ళు ఒకళ్ళొచ్చి ఫలానా ఆమె మా మనిషేనని చెప్పాల. మా నాయన షాపు పెట్టినప్పటి నించీ ఇంతే."

బ్యాగులోంచి ప్రమోషన్ ఆర్డరు తీసి చూపించాను. గవర్నమెంటు ఉద్యోగిని అన్నాను, కాస్త గట్టిగానే. "సంతోషం తల్లీ. ఇక్కడెవరికి తెలుసు?" అన్నాడాయన మళ్ళీ. నాకు చర్రున కోపం వచ్చింది. కోపం ఆయన మీద కాదు. నలభై ఒక్కేళ్ళు బతికి, అద్దె సైకిలు ఇప్పించడానికి నా పక్కన నిలబడే మనిషి ఒక్కరు లేరే అని. తల తిప్పితే రోడ్డుకి అవతల ఆవిరి పొగలో ఇడ్లీ బండావిడ కనపడింది. నోరు జారి, "ఆవిడకి నేను తెలుసు" అనేశాను.

అబద్ధం ఆడానని నాకు తెలుస్తూనే ఉంది, ఈలోపే మస్తాన్ గారు చెయ్యి అడ్డం పెట్టుకుని అరిచారు. "కోటమ్మా! ఈమె నీకు తెలుసంటగా?"

ఆవిడ పేరు కోటమ్మ అని నాకు అప్పుడే తెలిసింది. ఆవిడ గరిటె ఆపి ఒక్క క్షణం నా వంక చూసింది. "ఆఁ, మా మనిషే. ఇయ్యి!" అని అరిచి మళ్ళీ చట్నీ వెయ్యడంలో పడిపోయింది.

మస్తాన్ గారు పుస్తకం తీసి రాసుకున్నారు. తొంగి చూశాను. పదిహేడో నంబరు, కోటమ్మ మనిషి. నా పేరు అడగనే లేదు. లేడీస్ సైకిళ్ళు రెండూ కాలేజీ అమ్మాయిలు పట్టుకుపోయారట, మిగిలినవన్నీ బారున్నవే. "బ్రేకులు బాగుంటాయి. బెల్లు లేదు, నోటితో అరుచుకోండి. ఆరింటికల్లా తెచ్చెయ్యాల. ఇదుగో అమ్మా, ఒక్కమాట. తేడా వస్తే నేను మిమ్మల్ని అడగను, కోటమ్మని అడుగుతా. ఆమె మాట మీద వెనక పేటలో ఇరవై మంది నా సైకిళ్ళేసుకుని కూలికి పోతన్నారు. ఆ మాట ఒక్కసారి పోతే వాళ్ళెవరికీ సైకిలు ఉండదు."

ఎవరి చెయ్యీ పట్టుకోకూడదన్న పందెం మొదట్లోనే ఓడిపోయాను. సరే, ఇంకో పందెం వేసుకున్నాను. ఆరింటికల్లా సైకిలు భద్రంగా అప్పజెప్పాలి, ఆవిడ మాట నిలబెట్టాలి. అది చాలు. బారు మీదుగా కాలు వేసి ఎక్కేసరికి ముందు చక్రం రెండుసార్లు అటూ ఇటూ ఊగింది, ఆ తర్వాత కాళ్ళకి పాత సంగతంతా గుర్తొచ్చింది.

పొద్దున పూట గుంటూరు సైకిలుకి ఎంత అనువుగా ఉంటుందో చెప్పాలి. లక్ష్మీపురం మెయిన్ రోడ్డు వెడల్పుగా ఉంటుంది, ఎనిమిదిన్నర దాకా బస్సుల తాకిడి ఉండదు. నగరంపాలెంలో నేను చేరాల్సిన ఆఫీసుకి గది దగ్గర్నుంచి సరిగ్గా పన్నెండు నిమిషాలు పట్టింది. గేటు వేసి ఉంది, లోపల వేపచెట్టు కింద వాచ్‌మన్ పళ్ళు తోముకుంటున్నాడు. అక్కణ్ణుంచి బ్రాడీపేట. ఆ పేటలో తప్పిపోవాలన్నా కుదరదు. నిలువు లైన్లకీ అడ్డరోడ్లకీ అంకెలే పేర్లు, నాలుగు బై ఏడు అంటే నాలుగో లైనూ ఏడో అడ్డరోడ్డూ కలిసే మూల. నేను ఒకటో లైను నుంచి మొదలుపెట్టి వరసగా అన్నీ తిరిగాను. ఇళ్ళ ముందు నీళ్ళు చల్లుతున్నారు, పిల్లలకి జడలు వేస్తున్నారు, ఒకింట్లో ఎవరో ఎవరినో లేవమని కేకలేస్తున్నారు. ప్రతి ఇంటి ముందూ ఒక్క క్షణం ఉండి వెళ్ళిపోవడమే సైకిలు పని. బస్సులో అయితే ఇంత దగ్గరగా కనపడవు ఇవన్నీ. ఇంత దగ్గరగా చూడకపోయినా బాగుండేదేమో అనిపించింది నాకు.

పదిన్నరకి చుట్టుగుంట దాటి మిర్చి యార్డుకి చేరాను. గది దగ్గర్నుంచి నేరుగా వస్తే పాతిక నిమిషాల దారి. మాఘమాసం వెళ్ళి ఎండలు ముదురుతున్న రోజులు, మిరపకి మంచి సీజను. యార్డు ఇంకా అర కిలోమీటరు ఉందనగానే గొంతులో గరగర మొదలవుతుంది. లోపలికి సైకిలు పోనియ్యరు, గేటు పక్క గోడ బారునా హమాలీల సైకిళ్ళు వందల్లో పెట్టి ఉంటాయి. నాదీ వాటి మధ్యన పెట్టి తాళం వేసి వెళ్ళాను. టిక్కెట్టు ఏమీ ఉండదు, చూస్తానంటే ఎవరూ వద్దనరు. కానీ ముక్కుకి తడిగుడ్డ కట్టుకోండి. నేను కట్టుకోలేదు.

లోపల కనుచూపుమేరా ఎర్రటి రాశులు. ఒక్కో రాశి పక్కన ఒక్కో రైతు, రేటు ఎంత పలుకుతుందోనని కొందరు కూర్చునీ, కొందరు గోతాల మీద పడుకునీ ఉన్నారు. హమాలీలు ముఠాలు ముఠాలుగా బస్తాలు మోస్తున్నారు, పది మంది ముఠాకి ఒక మేస్త్రి. తొడిమలు తీసే ఆడవాళ్ళు ఒక పక్క బారులు తీరి కూర్చున్నారు. నేను రెండు రాశులు దాటేసరికే దగ్గు, తుమ్ములు, కళ్ళల్లోంచి ధారలు. కొంగు కూడా లేదాయె, చేత్తో తుడుచుకోబోతే తొడిమలు తీసే ఒకామె కేకేసింది.

"తుడవమాక! కారం చెయ్యి తగిలితే చస్తావు. కొత్తా? అట్టా కారనీ, అదే పోద్ది."

కారనిచ్చాను. మొదట అది మిరప ఘాటే. కాసేపటికి కాదు. ఆదివారం నుంచి గొంతులో పెట్టుకుని తిరుగుతున్నదంతా, అంతకు ముందు ముందుగదిలో ఎన్నేళ్ళనుంచో ఉన్నదంతా బయటకొచ్చింది. అన్నయ్య ఇంట్లో ఏడిస్తే ఏమైందని అడుగుతారు. గదిలో ఏడిస్తే కింద ఓనరు వాళ్ళకి వినపడుతుంది. ఇక్కడ అందరి కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి, అందరి ముక్కులూ కారుతూనే ఉన్నాయి. ఏడవడానికి ఇంత సౌకర్యమైన చోటు ఆంధ్రదేశంలో ఇంకోటి లేదు. సిగ్గు లేకుండా ఒక బస్తాల వరస పక్కన నిలబడి అరగంట పైనే ఏడ్చాను. ఎవరూ ఆగి చూడలేదు.

కళ్ళు మసకలు మసకలుగా ఉండగానే బయటికొచ్చాను. గోడ బారునా సైకిళ్ళన్నీ నల్లవే, అన్నిటి మీదా ఎర్రటి దుమ్మే. నేను పెట్టిన చోటు ఇదేననుకుని తాళంచెవి దూర్చాను, ఖట్‌మని వచ్చింది. ఎక్కి తొక్కుకుంటూ పోయాను. మనసు తేలికైంది. పాత బస్టాండు మీదుగా పాత ఊళ్ళోకి అరగంట దారి. పట్నంబజారులో సందులు ఇరుకు, తోపుడు బళ్ళు అడ్డం, అయినా సైకిలు ఎక్కడైనా దూరుతుంది. జిన్నా టవర్ సెంటరు పక్కన ఒక బండి మీద పిడతకింద పప్పు పొట్లం కట్టించుకున్నాను. మరమరాలు, సెనగపప్పు, ఉల్లిపాయలు, నిమ్మరసం, దాని మీద మళ్ళీ కారం. యార్డులో ఏడ్చింది చాలక ఇక్కడ ఇంకాస్త. బండతను "నీళ్ళు కావాలా అండీ?" అన్నాడు. వద్దన్నాను గానీ, అడిగినందుకు ఎంత సంతోషపడ్డానో అతనికి తెలీదు.

ఒంటిగంట దాటింది. ఎక్కి నాలుగు గజాలు పోయానో లేదో ఎదురుగా తోపుడుబండి అడ్డం వచ్చింది. బొటనవేలు దానంతటదే హ్యాండిలు మీద నొక్కింది. ట్రింగ్ ట్రింగ్ అని చక్కగా మోగింది. బండతను పక్కకి తప్పుకున్నాడు. నేను మాత్రం రోడ్డు మధ్యలో ఆగిపోయాను.

పదిహేడో నంబరుకి బెల్లు లేదు.

దిగి వెనక మడ్‌గార్డు మీద ఎర్రదుమ్ము తుడిచాను. షాపువాళ్ళు వేసిన అంకె లేదు. సీటు కింద నా అద్దె సైకిలుకి లేని పాత గుడ్డ ఒకటి దోపి ఉంది. ఆ తాళాల సంగతి తెలిసినవాళ్ళకి తెలుసు, ఒకదాని చెవి ఇంకో పదిటికి పడుతుంది. ఏడుపు కళ్ళతో ఎవరి సైకిలో ఎత్తుకొచ్చేశాను. ఎవరో కూలిమనిషి యార్డు దగ్గర సైకిలు వెతుక్కుంటూ ఉంటాడు, అది ఒకటి. నా సైకిలు ఏమైందో, అది రెండోది. కోటమ్మని అడుగుతా అన్న మాట అన్నిటికంటే ముందు చెవుల్లో పడింది. మిట్ట మధ్యాహ్నం ఎండలో యార్డుకి ఇరవై రెండు నిమిషాల్లో వెళ్ళాను. అంత జోరుగా మళ్ళీ ఎప్పుడూ తొక్కలేదు.

నా సైకిలు అక్కడ లేదు. నీడలో అన్నం తింటున్న హమాలీలు నన్ను చూడగానే లేచారు. వాళ్ళ మేస్త్రి చేతిలో ముద్ద చేతిలోనే ఉండగా అరిచాడు.

"ఒరేయ్, అంజయ్య సైకిలురా! ఏమ్మా, నువ్వేనా పట్టకపోయింది?"

"పొరపాటున... తాళం పట్టిందండీ. నాది ఏది?"

"అంజయ్య అన్నానికి ఇంటికి పోదామని వస్తే తన సైకిలు లేదు. పక్కనే నంబరేసిన సైకిలుంది. వాడి తాళానికి అదీ వచ్చింది. మస్తాను షాపుదని ఆనవాలు పట్టి, అక్కడే తేల్చుకుంటానని తొక్కుకుంటా పోయాడు. మంచి కాక మీదున్నాడు. పో, అక్కడికే పో."

ఇంకొకడెవరో "దొంగతనం చేసి తిరిగొచ్చిన దొంగని ఇదే చూడ్డం" అన్నాడు, అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు చెప్పబోయేది ఎవరికీ చెప్పలేదు. యార్డు నుంచి షాపుకి వెళ్ళడానికి రెండు దారులున్నాయి, నేను బస్టాండు మీదుగా వెళ్ళేదాన్ని ఎంచుకున్నాను. అది చుట్టుదారి. బస్టాండు గేటు దగ్గర సైకిలు ఆపి నిలబడ్డాను. కనిగిరి బస్సు మూడున్నరకి. గదిలో ఉన్నది ఒక సంచీ బట్టలు, ఒక బకెట్టు. పోతే పోనీ. సైకిలు ఇక్కడే స్టాండులో పెట్టి బూత్ నుంచి షాపుకి కబురు చెయ్యొచ్చు, కబురైనా చెయ్యకపోవచ్చు. ఆ వీధిలో వాళ్ళెవరికీ నా పేరు తెలియదు. నన్ను వెతకడానికి ఏ ఆధారమూ లేదు. తొమ్మిదింటికల్లా ముందుగదిలో మంచం మీద ఉంటాను, వదిన కంచంలో అన్నం పెట్టి "నే చెప్పలా" అంటుంది. పది నిమిషాలు అక్కడే నిలబడ్డాను. సిగ్గుగా ఉంది ఇప్పుడు రాస్తుంటే. కానీ ఇరవై మంది కూలికి నడిచి పోవడం కళ్ళకి కట్టింది. అంతకంటే, పొద్దున ఆవిడ గరిటె ఆపి నా వంక చూసిన చూపు వదల్లేదు. సైకిలు తిప్పాను.

షాపు దగ్గరికి వచ్చేసరికి మూడు కావస్తోంది. షాపు పక్కన ఆగి ఉన్న లారీ చాటున దిగి అక్కడే ఆగాను. మాటలు అక్కడికే వినపడుతున్నాయి. పొట్టిగా గట్టిగా ఉన్న ఒక మనిషి నిలబడి చేతులు ఊపుతున్నాడు, అతనే అంజయ్య. అన్నం తినలేదట, మధ్యాహ్నం లోడు పోయిందట. మస్తాన్ గారు ఒళ్ళో పుస్తకం పెట్టుకుని కూర్చున్నారు. మెట్టు మీద కోటమ్మ ఉల్లిపాయలు వలుస్తోంది. పొద్దుటి బండి ఎప్పుడో కట్టేసి ఉంటుంది, ఆవిణ్ణి ఇంటి నుంచి పిలిపించినట్టున్నారు.

"ఆమె పేరేంది?" అన్నారు మస్తాన్ గారు.

"ఏమో."

"పోనీ ఏ ఊరు?"

"నాకేం తెలుసు?"

"మరి మా మనిషని ఎట్టా చెప్పావు కోటమ్మా? ఇన్నేళ్ళ నించీ నీ మాట మీద..."

"మూణ్ణాళ్ళ బట్టి చూస్తన్నా మస్తానూ. పొద్దున్నే ఒక్కతే వచ్చిద్ది. రెండిడ్లీ నిలబడి తినిద్ది. ప్లేటు కడిగి మరీ పెట్టి పోద్ది. ఒక్కళ్ళతో మాట్లాడదు. దానికి ఈ ఊళ్ళో ఎవరూ లేరు. ఏ ఊళ్ళోనూ ఎవరూ లేరు, మొహం చూస్తే తెలవట్లా?" ఉల్లిపాయ పొట్టు ఊదేసుకుంది. "పారిపోవాలంటే పోవడానికో చోటుండాల. అదెక్కడికి పోద్ది? వచ్చిద్ది, కూర్చో."

లారీ చక్రం పట్టుకుని నిలబడిపోయాను. కోపం వచ్చింది, నా గురించి అంత మాట అనడానికి ఈవిడెవరు అని. నాకు అన్నయ్య ఉన్నాడు, వదిన ఉంది, ఇల్లుంది అని గట్టిగా అరవాలనిపించింది. అర్ధగంట కిందట నేను బస్టాండులో నిలబడింది ఎక్కడికి పోదామని? ముందుగదికి. ఆ గది పోవడానికి ఒక చోటు కాదని నాకు ఎప్పట్నుంచో తెలుసు, ఎవరూ పైకి అనలేదు, అంతే. ఇడ్లీ బండి మీద మూడు రోజులు చూసిన మనిషి అనేసింది. ఏడుద్దామంటే కళ్ళల్లో ఇంక నీళ్ళు లేవు.

సైకిలు నడిపించుకుంటూ వాళ్ళ ముందుకి వెళ్ళాను. "తప్పు నాదేనండీ. కళ్ళు మండి చూసుకోలేదు" అన్నాను అంజయ్యతో. అతను అరవడానికి నోరు తెరిచి, నా మొహం చూసి మూసేశాడు. దుమ్ము, చెమట, వాచిన కళ్ళు, ఎలా ఉన్నానో ఏమో. ముందు బెల్లు నొక్కి చూసుకున్నాడు, తర్వాత సీటు కింద గుడ్డ ఉందో లేదో చూసుకున్నాడు.

"రేప్పొద్దునే ఈ దరిద్రపు తాళం మార్చాల. యార్డుకి కొత్తగా వచ్చినోళ్ళు బయటకొచ్చాక కాసేపు కూర్చోవాలమ్మా, చూపు కుదిరిందాక. ఎవురూ చెప్పలా?"

లోడు పోయినందుకు ఏమైనా ఇద్దామని బ్యాగు తెరిస్తే, "లోపల పెట్టమ్మా, అన్నం చల్లారి ఉంటది" అని ఎక్కి వెళ్ళిపోయాడు. మస్తాన్ గారు గోడకి ఆనించి ఉన్న పదిహేడో నంబరుని నా వైపు తోశారు. "ఆరింటి దాకా మీదేగా. ఇంకా మూడు గంటలుంది, తిరిగి రండి" అన్నారు మామూలుగా.

కోటమ్మ ఉల్లిపాయల గిన్నె చంకన పెట్టుకుని లేచింది. నా వంక చూడనైనా లేదు. "సరిపోయిందిగా, నే పోతన్నా. పప్పు నానెయ్యాల" అని రోడ్డు దాటేసింది. థాంక్స్ చెప్పాలో, క్షమించమనాలో, అంత మాటన్నందుకు పోట్లాడాలో తేల్చుకోలేక వెనకే నాలుగడుగులు పరిగెత్తాను.

"పిన్నీ! పిన్నీ, నా పేరు..."

ఆవిడ వెనక్కి తిరక్కుండా గిన్నె పట్టుకున్న చెయ్యి ఊపింది.

"ఇప్పుడేం తొందర? రేప్పొద్దున తినడానికి వస్తావుగా, అప్పుడు చెబుదువు."

రేపు వస్తానని నన్ను లెక్కలో వేసుకున్న మనిషి ఆ ఊళ్ళో ఒకరున్నారని నాకు తెలిసింది అప్పుడే. ఆ మూడు గంటలూ సైకిలు మీద అమరావతి రోడ్డు వైపు వెళ్ళాను. ఊరు అయిపోగానే పత్తి చేలూ, కోతకొచ్చిన మిరప చేలూ, వాటి మధ్య గాలి తప్ప ఏమీ లేని రోడ్డు. అక్కడ కూడా ఒంటరిగానే ఉన్నాను. సోమవారం ఉద్యోగంలో చేరాను, ఇప్పటికీ చేస్తున్నాను. ఒంటరితనం ఎక్కడికీ పోలేదు, పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. ఆదివారాలు మధ్యాహ్నం పూట ఫ్యాను చప్పుడు ఇప్పటికీ వినపడుతుంది. కానీ నేను పొద్దున బండి దగ్గరికి రాకపోతే ఎందుకు రాలేదని అడిగేవాళ్ళు ఉన్నారన్న ధైర్యంతో గది తాళం వేసుకుని బయటికి వెళ్తాను, లోపలికి వస్తాను. వెళ్ళేవాళ్ళకి నేను చెప్పే సలహా ఒక్కటే. గుంటూరులో దిగగానే సైకిలు షాపుకి వెళ్ళకండి. ఆ షాపు ఎదురుగా ఏ బండి ఉందో చూసి అక్కడ మూడు రోజులు టిఫిను తినండి, ప్లేటు కడిగి పెట్టండి, నాలుగో రోజు సైకిలు అడగండి.